ఈ బండి ఎవరు చేశారు?

రాత్రి పదకొండు దాటింది. హాల్లో ఫాను వెయ్యడానికి వీల్లేదు. వేస్తే థర్మోకోల్ పూసలు ఇల్లంతా ఎగురుతాయి. మావాడు నేలమీద బాసింపట్టు వేసుక్కూచుని ఫెవికాల్ డబ్బాతో కుస్తీ పడుతున్నాడు. మా కోడలు చార్టు మీద అక్షరాలు దిద్దుతోంది. నేను కత్తెర పుచ్చుకుని, ఎవరు ఏది కత్తిరించమంటే అది కత్తిరిస్తున్నాను. తెల్లారితే స్కూల్లో సైన్సు ఎగ్జిబిషన్. ప్రాజెక్టు మా మనవరాలిది.

మరి ఆ మనవరాలేదీ అంటారా? సోఫాలో దుప్పటి ముసుగుపెట్టి హాయిగా నిద్రపోతోంది!

మర్నాడు సాయంత్రం రెండో బహుమతి పుచ్చుకుని ఇంటికొచ్చింది. మేం ముగ్గురం చప్పట్లు కొట్టాం. అది మాత్రం సర్టిఫికెట్టు టీపాయ్ మీద పడేసి, "నానమ్మా, ఈ ప్రైజు నాన్నకొచ్చింది, నాకు కాదు" అంది. చూడ్డానికొచ్చిన సారెవరో "ఈ బుల్లి దీపాలు ఎలా వెలుగుతున్నాయమ్మా?" అని అడిగారట. ఇది నోరు తెరిచి, "మా నాన్నని అడగండి సార్" అందిట. పక్కనున్న పిల్లలంతా ఫక్కున నవ్వారట.

ఆ మాట నా మనసులో ముల్లులా దిగబడిపోయింది. ఈ జబ్బు మా ఇంటికేనా, అన్నిళ్ళకీ ఉందా? ఇప్పుడే పుట్టిందా, పూర్వమూ ఉందా? పాత సంగతులు తవ్వుకోవడం నాకు మొదటినుంచీ అలవాటు. వెతగ్గా వెతగ్గా, తొంభై ఏళ్ళ కిందట అమెరికాలో ఒక వీధి వాలు దగ్గర ఆగాను.

అది 1933. ఒహయో రాష్ట్రంలో డేటన్ అనే ఊరు. అమెరికా అంతటా ఉద్యోగాలు ఊడి, బ్యాంకులు మూతపడి, జనం అల్లాడుతున్న రోజులు. అక్కడి పత్రికలో పనిచేసే మైరన్ స్కాట్ అనే ఫొటోగ్రాఫరు ఒకరోజు వీధిలో కొందరు కుర్రాళ్ళని చూశాడు. చెక్క పెట్టెలకి పాత ఉయ్యాలబండి చక్రాలు తగిలించి, అందులో కూచుని, వాలు మీంచి జర్రున జారుతున్నారు. ఇంజనూ లేదు, పెట్రోలూ లేదు. ఉన్నదల్లా వాలూ, చక్రాలూ, ఒళ్ళంతా ధైర్యమూ.

మనకిది కొత్తా చెప్పండి? మన పల్లెల్లో తాటిబుర్రలకి పుల్ల గుచ్చి బండి చేసుకోని పిల్లాడున్నాడా? పట్నాల్లో అయితే మెకానిక్ షెడ్డులో పారేసిన బేరింగులు ఏరుకొచ్చి, పలకకి తగిలించి, రోడ్డంతా గరగరలాడిస్తూ తిరిగేవారు. మనం "మోకాళ్ళు పగులుతాయిరా వెధవల్లారా" అని కేకలేశాం. స్కాట్ మాత్రం ఫొటోలు తీసి, "మళ్ళీ వారం రండి, పందెం పెడతాను" అన్నాడు.

ఆ ఏడాది ఆగస్టులో ఆ ఊళ్ళో పెద్ద పందెం పెడితే 362 మంది పిల్లలు సొంత బళ్ళతో దిగారు. చూడ్డానికి నలభై వేల మంది దాకా వచ్చారట! ఆ మర్నాటి ఏడు, 1934లో, దేశం మొత్తానికి కలిపి పోటీ పెట్టారు. షెవర్లే కార్ల కంపెనీ ఖర్చు పెట్టుకుంది. సబ్బుల పెట్టెలతో చేసుకునే బళ్ళు కనక పోటీకి సోప్ బాక్స్ డెర్బీ అని పేరు. మొదటి పోటీలో గెలిచిన కుర్రాడు తన బండిని ఒక సారా కొట్టు బల్ల చెక్కతో చేసుకున్నాడు. ఏ చెక్కయితేనేం, వాడి చేతిలో పడి పావనమైంది.

1935లో పోటీ ఆక్రన్ అనే ఊరికి మారింది. అది టైర్ల ఫ్యాక్టరీల ఊరు, గుట్టలకీ కొదవలేదు. ఆ ఏడే ఒక తమాషా జరిగింది. గ్రాహం మెక్‌నామీ అని ఆ రోజుల్లో రేడియోలో పేరుమోసిన వ్యాఖ్యాత. దారి పక్కనే నిలబడి పందేన్ని కళ్ళకి కట్టినట్టు చెబుతుంటే, ఓ పిల్లాడి బండి అదుపు తప్పి సరాసరి ఆయన్నే గుద్దేసింది. పాపం, ఆస్పత్రి పాలయ్యాడు. ఆ దెబ్బతోనైనా బుద్ధొచ్చి వీధులు వదిలేశారో ఏమో, 1936 నాటికి పందెం కోసమే ఒక బాట కట్టేశారు. దాని పేరు డెర్బీ డౌన్స్. దాన్ని కట్టింది ఎవరనుకున్నారు? పనుల్లేనివాళ్ళకి పని కల్పించడానికి ప్రభుత్వం పెట్టిన పథకం కింద కూలికి వచ్చినవాళ్ళు. పిల్లల ఆట పెద్దవాళ్ళకి కూడా నాలుగు మెతుకులు పెట్టిందన్నమాట.

పందెం సూత్రం చాలా సులువు. బండిని లాగేది భూమ్యాకర్షణ శక్తే. అది అందరికీ సమానం. మరి ఒకరు ముందూ, ఒకరు వెనకా ఎందుకొస్తారు? ఇరుసు దగ్గర రాపిడి ఎంత తగ్గించావు, ముక్కు ఎంత నున్నగా చెక్కి గాలిని తప్పించుకున్నావు, బరువు ఎక్కడ సర్దావు, నువ్వెంత ముడుచుకు కూచున్నావు? తేడా అంతా అక్కడుంది. 1946లో గెలిచిన గిల్బర్ట్ క్లీకన్ అనే కుర్రాడు బండికే కాదు, మొహానికి కూడా గ్రాఫైట్ పొడి పులుముకు వచ్చాడట. గాలి జారిపోతుందని! వాళ్ళమ్మ ఆ మొహం కడగడానికి ఎన్ని తిప్పలు పడిందో చరిత్రలో ఎవరూ రాయలేదు. చరిత్ర రాసేవాళ్ళకి అలాంటివి పట్టవు కదా!

అన్నిటికన్నా పెద్ద నియమం ఇంకోటుండేది. బండి పిల్లాడే చెయ్యాలి. నాన్న సలహా చెప్పొచ్చు గానీ, ఉలీ రంపం పిల్లాడి చేతిలోనే ఉండాలి.

చదువుతుంటే నాకు మా హాలూ, థర్మోకోలూ, సోఫాలో నిద్రపోతున్న పిల్లా కళ్ళముందు మెదిలారు. నియమాలదేముంది, కాగితం మీద ఎన్నయినా రాసుకోవచ్చు. రాత్రి పదకొండు గంటలకి ఎవరు వచ్చి చూస్తారు?

ఆక్రన్‌లోనూ అదే జరిగింది. గెలిస్తే కాలేజీ చదువుకి స్కాలర్‌షిప్పు. వేలమంది జనం, పేపర్లలో ఫొటోలు. అంత పేరూ డబ్బూ చేరేసరికి నాన్నలూ, బాబాయిలూ షెడ్డులోకి దూరడం మొదలెట్టారు. ఏటేటా బళ్ళు ఎంత నాజూకుగా తయారయ్యాయంటే, పన్నెండేళ్ళ పిల్లాడు చేశాడంటే పన్నెండేళ్ళ పిల్లాడు కూడా నమ్మడు. 1972తో షెవర్లే కంపెనీ తప్పుకుంది. మరుసటేడు, 1973 ఆగస్టులో, కుండ బద్దలయింది.

ఆ ఏడు గెలిచింది కొలరాడో రాష్ట్రంలో బౌల్డర్ నుంచి వచ్చిన పధ్నాలుగేళ్ళ కుర్రాడు. చూసేవాళ్ళకి అనుమానం వచ్చింది. బయల్దేరేటప్పుడే ఆ బండి ఒక్క ఉదుటున ముందుకు దూకుతోంది. అదీగాక, రౌండు రౌండుకీ దానికి పట్టే సమయం పెరుగుతోంది. మామూలుగా ఇలా జరగదు. నిర్వాహకులు బండిని ఎక్స్‌రే తీయించారు. మనిషికి కాదండీ, బండికి! ముక్కులో విద్యుదయస్కాంతం బయటపడింది.

దాని పనితనం చెబితే మీరూ ముక్కున వేలేసుకుంటారు. పందెం మొదట్లో బళ్ళని ఆపి ఉంచడానికి ముందు ఒక ఇనప పలక ఉంటుంది. అది ముందుకి పడిపోతే బళ్ళు కదులుతాయి. కుర్రాడు తల వెనక్కి ఆనించగానే హెల్మెట్టు ఒక మీటని నొక్కుతుంది. అయస్కాంతానికి ప్రాణం వస్తుంది. పడిపోయే పలక బండిని తనతోపాటు లాక్కుపోతుంది. అంతే, రెప్పపాటు ముందంజ! రౌండ్లు గడిచేకొద్దీ లోపలి బ్యాటరీ నీరసించింది, బండీ నెమ్మదించింది. దొంగని పట్టిచ్చింది ఆ నీరసమే.

రెండు రోజుల్లో బహుమతి వెనక్కి తీసుకుని రెండోవాడికి ఇచ్చారు. సరే, ఈ తెలివి పధ్నాలుగేళ్ళ బుర్రలోంచి వచ్చిందా? లేదు. కుర్రాడు ఉంటున్నది మేనమామ ఇంట్లో. ఆయన పెద్ద ఇంజనీరు, స్కీయింగ్ బూట్ల తయారీలో పేరూ డబ్బూ గడించినవాడు. అంతకు ముందు ఏడాది గెలిచింది ఆయన కొడుకే. చివరికి ఆయన ఒప్పుకున్నాడు. నియమానికి విరుద్ధమని తెలుసు, అయినా అందరూ ఏదో ఒకటి చేస్తూనే ఉన్నారు కదా, మావాడు వెనకపడకూడదని చేయించాను అనే ధోరణిలో ఉత్తరం రాశాడు. కోర్టు గొడవ ఒక బాలుర క్లబ్బుకి 2,000 డాలర్లు కట్టడంతో తేలింది. అప్పుడే ఆ దేశంలో అధ్యక్షుడి వాటర్‌గేట్ రభస నడుస్తోంది. పెద్దలే ఇలా ఉంటే పిల్లలకేం చెబుతాం అని జనం తలలు పట్టుకున్నారు.

నాకు మాత్రం ఆ మేనమామ మీద కోపం రాలేదు. భయం వేసింది. ఆయన దుర్మార్గుడు కాడు. మేనల్లుడంటే ప్రాణం. "అందరూ చేస్తున్నారు కదా" అన్నాడు. ఆ మాట నేను ఎక్కడ విన్నాను? మా ఇంట్లోనే! "అందరి నాన్నలూ చేస్తారమ్మా, మనం చెయ్యకపోతే పిల్ల చిన్నబుచ్చుకుంటుంది" అని మావాడు ఆ రాత్రి అననే అన్నాడు. కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్ళి దీపాలూ వైర్లూ కొనుక్కొచ్చింది కూడా వాడే. మా థర్మోకోల్ నగరంలో అయస్కాంతం లేదు, అంతే తేడా.

ఇంకో సంగతి చెప్పకపోతే నా కడుపు ఉబ్బుతుంది. ఇంత ఘనమైన పోటీలో 1971 దాకా ఆడపిల్లలకి ప్రవేశం లేదు. పిల్లలు చెయ్యాల్సింది నాన్నలు చేస్తే చూసీ చూడనట్టు పోయారు గానీ, ఆడపిల్ల సుత్తి పుచ్చుకుంటే మాత్రం పనికిరాదు! మా హైస్కూల్లోనూ అంతే. సైన్సు ఫెయిరంటే మగపిల్లలకి బ్యాటరీలూ వైర్లూ, మాకు గుమ్మం ముందు ముగ్గులూ, కాగితం తోరణాలూ. అడగాలని కూడా మాకు తోచలేదు. ఆక్రన్‌లో తలుపు తీసిన నాలుగేళ్ళకే, 1975లో, పెన్సిల్వేనియా నుంచి వచ్చిన కేరెన్ స్టెడ్ అనే పదకొండేళ్ళ పిల్ల చేతికి కట్టుతో బండి నడిపి, దేశానికంతటికీ మొదటిదానిగా నిలిచింది. చదువుతూ నేనొక్కదాన్నే కూచుని చప్పట్లు కొట్టాను. మా కోడలు వంటింట్లోంచి "ఏమైందత్తయ్యా?" అంటూ పరిగెత్తుకొచ్చింది.

అయితే పెద్దవాళ్ళు పూర్తిగా తప్పుకోవాలా? పిల్లలకి ఎవరో ఒకరు నేర్పాలి కదా? ఈ చిక్కుని తిన్నగా ఎదుర్కొన్నవాడు డీన్ కామెన్ అనే యంత్ర నిర్మాత. 1989లో ఫస్ట్ అనే సంస్థ పెట్టి, హైస్కూలు పిల్లల చేత రోబోలు చేయించే పోటీ తలపెట్టాడు. 1992లో న్యూ హ్యాంప్‌షైర్‌లో ఓ స్కూలు ఆటల హాల్లో 28 జట్లతో అది మొదలైంది. అందులో ఇంజనీర్లు దొంగచాటుగా దూరక్కర్లేదు. పిల్లల పక్కన అందరికీ కనబడేలా కూచుని నేర్పవచ్చు. పెద్దల చెయ్యి ఉండటం తప్పుకాదు, దాచడం తప్పు అన్నమాట.

పక్కన కూచోవడం ఎలా ఉండాలో ఇంకో కథ చెబుతాను. 2004. ఆరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్. చుట్టూ ఎడారి. అక్కడ కార్ల్ హేడెన్ హైస్కూల్లో నలుగురు పిల్లలు. మెక్సికోలో పుట్టి, చిన్నప్పుడే అమ్మానాన్నలతో సరిహద్దు దాటి వచ్చినవాళ్ళు. పేదవాళ్ళు, చేతిలో సరైన కాగితాలు లేనివాళ్ళు. ఈ ఎడారి పిల్లలు చెయ్యబోయింది నీటి అడుగున తిరిగే రోబో! ఫ్రెడీ లజ్వర్దీ, అలన్ కామెరాన్ అనే ఇద్దరు పంతుళ్ళు వాళ్ళని పోటీకి పంపారు. అదీ స్కూళ్ళ విభాగంలో కాదు, కాలేజీల విభాగంలో. ఓడితే కాలేజీవాళ్ళ చేతిలోనేగా, చిన్నతనం ఏముంది అనుకున్నారట. ఎదురుగా జగమెరిగిన ఎమ్.ఐ.టి. జట్టు, వెనక పెద్ద చమురు కంపెనీ అండ. వీళ్ళ దగ్గర చందాలెత్తిన 800 డాలర్లు.

ఆ డబ్బుతో మన ఇళ్ళల్లో నీళ్ళకి వాడే పీవీసీ గొట్టాలు తెచ్చి రోబో చేశారు. గొట్టాలు అతికే జిగురు కంపు భరించలేక దానికి "స్టింకీ" అని పేరు పెట్టారు. "కంపుగాడు" అనుకోండి.

పోటీ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారి శాంటా బార్బరా ఈతకొలనులో. తీరా అక్కడికెళ్ళాక బ్యాటరీ ఉన్న పెట్టెలోకి నీరు కారుతోంది. తెల్లారితే పోటీ. నీరు తగిలితే సర్వం బూడిద. మార్చడానికి వేరే పెట్టె లేదు. లోపలికొచ్చిన చెమ్మని పీల్చేది ఏదన్నా ఉంటే గండం గడుస్తుంది. చిన్నదవ్వాలి, బాగా పీల్చాలి. ఏమిటది?

ఆడవాళ్ళం మనకి వెంటనే తడుతుంది. నెలనెలా మనకి కావలసిన వస్తువే! లొరెంజో అనే కుర్రాడిని దుకాణానికి తోలారు. పాపం, ఆ అరల ముందు నిలబడి సిగ్గుతో చచ్చిపోతూ, ఏది మంచిదో తెలియక, అక్కడున్న ఒకావిడనే అడిగాడట. రోబో కోసమండీ అన్నాడు! ఆవిడ నవ్వాపుకుని, బాగా పీల్చేది ఏదో చూపించి, మీరు గెలవాలి బాబూ అని దీవించి పంపిందట. ఆ మహాతల్లి పేరు ఎవరికీ తెలియదు. తనకి తెలిసింది చెప్పి తన దారిన తను పోయింది. సాయమంటే అదీ!

అవి పెట్టెలో కుక్కారు. కంపుగాడు నీళ్ళలోకి దిగాడు, పనిచేశాడు. పంతుళ్ళు గట్టుమీదే ఉన్నారు. రోబో గురించి పరీక్షకులు అడిగిన ప్రశ్నలకి పిల్లలే జవాబులు చెప్పారు. ఎందుకు చెప్పరు? ప్రతి గొట్టమూ వాళ్ళే కోశారు, ప్రతి తీగా వాళ్ళే అతికారు. ఎమ్.ఐ.టి.ని వెనక్కి నెట్టి మొదటి స్థానం వాళ్ళకే దక్కింది. డిజైనుకీ, ఇంగ్లీషులో రాసిన నివేదికకీ కూడా బహుమతులు వచ్చాయి. జాషువా డేవిస్ అనే విలేఖరి వాళ్ళ కథ రాశాడు. 2015లో సినిమా కూడా వచ్చింది.

కథ ఇక్కడ ఆపితే బాగుణ్ణు. కానీ చరిత్ర సినిమా కాదు. కాగితాలు లేని విద్యార్థులకి రాష్ట్ర విద్యార్థుల రాయితీ ఉండకూడదని 2006లో ఆరిజోనాలో చట్టం వచ్చింది. ఫీజు భరించలేక క్రిస్టియన్ అనే కుర్రాడు ఇంజనీరింగు వదిలేశాడు. లొరెంజో, లూయిస్ వంటపనుల్లోకి వెళ్ళారు. ఆస్కార్ మాత్రం పట్టా పుచ్చుకుని, కాగితాలు సరిచేసుకుందామని మెక్సికో వెళ్ళి అక్కడే ఇరుక్కుపోయి, 2010లో అనుమతి దొరికాక తిరిగొచ్చి, సైన్యంలో చేరి అఫ్గానిస్తాన్ వెళ్ళాడు. ఒక పిల్లాడికి పెద్దలు అయస్కాంతం పెట్టి ముందుకు లాగారు. ఈ పిల్లలు సొంత కాళ్ళమీద గమ్యం చేరితే, పెద్దలు తలుపే వేసేశారు.

మన దేశంలో ఇప్పుడు పిల్లలకి అవకాశాలు పెరిగాయి. 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద వేల స్కూళ్ళలో టింకరింగ్ ల్యాబులు పెట్టారు. ఒక్కో స్కూలుకి ఇరవై లక్షల దాకా ఇచ్చారు. ఆరో తరగతి పిల్లలు కూడా అక్కడ తీగలు అతకొచ్చు, విప్పొచ్చు, పాడుచెయ్యొచ్చు. పాడుచేసే హక్కు లేకపోతే పిల్లలకి ఎంత పెద్ద ల్యాబున్నా దండగే. తలుపు తీసే పని ప్రభుత్వాలది. చేతులు కట్టుకు కూచునే కష్టమైన పని మాత్రం మనది.

ఈ కథలన్నీ మా మనవరాలికి చెప్పాను. శ్రద్ధగా విని, "అయితే వచ్చే ఏడు నాన్న హాల్లోకి రాకూడదు" అంది. మావాడు మొహం మాడ్చుకున్నాడు.

అన్నంత పనీ చేసింది. మా ఇంట్లో మోటారు వేసి మర్చిపోవడం నిత్యకృత్యం. ట్యాంకు పొంగి మేడ మెట్లన్నీ జలమయం. అందుకని ట్యాంకు నిండితే మోగే గంట చేస్తానంది. ట్యాంకు అంచున రెండు తీగలు వేలాడదీస్తే, నీరు రెంటినీ తాకినప్పుడు కాస్త కరెంటు నీటిలోంచి పాకుతుంది. ఆ కాస్తతో గంట మోగదు. మధ్యలో ఒక ట్రాన్సిస్టర్ పెడితే అది ఆ కాస్తనీ పెద్దది చేసి మోగిస్తుందిట. మొదటిసారి తీగలు ఒకదానికొకటి తగిలి, నీళ్ళు లేకుండానే గంట మోగుతూ కూచుంది. మావాడు ఐదుసార్లు కుర్చీలోంచి లేచాడు, ఐదుసార్లూ నేను కూచోబెట్టాను. మూడో రోజున జ్యూస్ తాగే స్ట్రా ముక్క ఒకటి మధ్యలో కట్టి తీగల్ని విడదీసింది. ఎవరు చెప్పారే అంటే, "ఎవరూ చెప్పలేదు, చూస్తే తెలిసింది" అంది.

ఎగ్జిబిషన్‌లో ఏ బహుమతీ రాలేదు. చూడ్డానికి వికారంగా ఉంది మరి, చార్టు మీద అక్షరాలు కూడా వంకరే. కానీ సారు అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పిందట. ఆ సంగతి ఇంటికొచ్చి మాకు రెండుసార్లు చెప్పింది.

ఆ గంట ఇప్పుడు మా డాబా మీదే ఉంది. మొన్న కుయ్యిమని మోగితే పక్కింటావిడ పిట్టగోడ మీంచి తొంగిచూసి, "భలే ఉందే, ఎక్కడ కొన్నారండీ?" అంది.

"కొనలేదండీ, మా పిల్ల చేసింది" అని మోటారు కట్టెయ్యడానికి కిందికి దిగాను.